మార్చిలో ఒక వారం

మార్చి నెల వస్తే అనంతపురం పల్లెల్లో ఎండలు ముదురుతాయి. వేరుశెనగ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. చేలు బోసిగా కనపడతాయి. బోర్లలో నీళ్లు తగ్గుతాయి. కొళాయి దగ్గర బిందెల వరస పెరుగుతుంది. సేద్యం చేసే మగవాళ్లకు ఇది తీరిక కాలం. ఆడవాళ్లకు మాత్రం నీళ్ల పని రెట్టింపు అయ్యే కాలం.

ఈ నెల చివర్లో ఒక వారం ఉంది. క్యాలెండరు తీసి చూడండి. 20వ తేదీ పిచ్చుకల రోజు. 21 అడవుల రోజు. అదే 21 బొమ్మలాటల రోజు కూడా. 22 నీళ్ల రోజు. 23 వాతావరణ రోజు. 27 నాటకాల రోజు. ఇవి ప్రపంచమంతా జరుపుకునే రోజులు. బడి పిల్లల చేత ర్యాలీ తీయిస్తారు. బ్యానరు కడతారు. ఫోటో తీసుకుంటారు. చాలా చోట్ల అంతటితో సరి.

"ఇవన్నీ టౌను వాళ్ల పండగలు. మనకేం పని?" అనిపించవచ్చు. కాని ఈ రోజులు చెప్పే సంగతులన్నీ మన సీమలో కంటి ముందరే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో పాత అనంతపురం జిల్లా రెండు ముక్కలైంది. ధర్మవరం, కదిరి, హిందూపురం వైపు ఊళ్లు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. కరువు మాత్రం రెండు పక్కలా ఉంది. అందుకే ఇక్కడ రెండు జిల్లాల ఊళ్లనూ కలిపే చెప్పుకుందాం.

పిచ్చుకల రోజు 2010లో మొదలైంది. బోద కొట్టాలు పోయి మిద్దెలు వచ్చాయి. పిచ్చుకకు గూడు పెట్టుకునే సందు లేకుండా పోయింది. అది అందరికీ తెలిసిన సంగతే. ఇంకో పిట్ట కథ చూడండి. హిందూపురం దగ్గర, చిలమత్తూరు మండలంలో వీరాపురం అనే ఊరుంది. ఏటా అక్కడికి పెద్ద కొంగలు వస్తాయి. వాటి ముక్కు పసుపు పచ్చగా, పొడుగ్గా ఉంటుంది. తోక దగ్గర ఈకలు గులాబి రంగులో ఉంటాయి. ఊరి మధ్యన చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి. ఊరి వాళ్లు వాటిని కొట్టరు. ఇంకొకరిని కొట్టనివ్వరు. కొంగలు వస్తే ఊరికి మంచిదని వాళ్ల నమ్మకం.

వీటిని చాలామంది సైబీరియా కొంగలంటారు. సైబీరియా అంటే ఎక్కడో ఉత్తరాన ఉన్న మంచు సీమ. ఆ మాట నిజం కాదు. ఇవి మన దేశంలోనూ, చుట్టుపక్కల వేడి దేశాల్లోనూ బతికే పక్షులే. చేపలున్న చెరువులు వెతుక్కుంటూ ఊరూరా తిరుగుతాయి. పనుల కోసం బెంగళూరుకు వలస పోయే కూలీల మాదిరే అనుకోండి. చెరువులో నీళ్లుంటే చేప ఉంటుంది. చేప ఉంటే కొంగ వస్తుంది.

అడవుల రోజు 2013 నుంచి జరుగుతోంది. కదిరి అవతల, నంబులపూలకుంట మండలంలో గూటిబైలు ఉంది. అక్కడ తిమ్మమ్మ మర్రిమాను ఉంది. ఒక్క చెట్టు సుమారు ఐదు ఎకరాల మీద పరుచుకుంది! మర్రి ఊడలు కిందికి దిగి, నేలను తాకి, వేరు పట్టి, కొత్త మొద్దులవుతాయి. అట్ల చెట్టు నడుచుకుంటూ పోయినట్టు పెరుగుతుంది. 1989లో గిన్నిస్ పుస్తకంలో దీని పేరు ఎక్కింది. తిమ్మమ్మ తన భర్త చితిలో దూకిందని, చితికి పాతిన గుంజ చిగిరించి ఈ మాను అయ్యిందని కథ చెప్తారు. చెట్టు గొప్పదే. అట్ల దూకడం మాత్రం గొప్ప పని కాదు. దాన్ని చేయించినా, పొగిడినా నేరమని 1987లో చట్టం వచ్చింది.

21నాడే బొమ్మలాటల రోజు. ఇది 2003 నుంచి జరుగుతోంది. బొమ్మలాట అంటే మనకు తోలుబొమ్మలాట. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. వీళ్ల పెద్దలు మరాఠీ సీమ నుంచి వచ్చారని చెప్తారు. మేకతోలును నానబెడతారు. వెంట్రుకలు గీకేస్తారు. సాగదీసి ఎండబెడతారు. అప్పుడు తోలు పల్చగా అయ్యి, వెలుతురు దాని గుండా కనిపిస్తుంది. దాని మీద బొమ్మ గీసి, ఉలితో చిన్న చిన్న తూట్లు కొడతారు. రంగులు పూస్తారు. నగలు, జరీ అంచులు అన్నీ ఆ తూట్లతోనే మెరుస్తాయి. భుజం, మోచెయ్యి దగ్గర విడిగా కట్టి, వెదురు పుల్లలతో ఆడిస్తారు. ముందు తెల్లగుడ్డ, వెనక దీపం. పూర్వం ఆముదం దీపాలు, తర్వాత కరెంటు బల్బులు.

ఈ ఆటలో ఆడవాళ్లు ఊరికే కూచోరు. సీత మాట, ద్రౌపది పాట తెర వెనక వాళ్లదే. చిన్నప్పుడు రాత్రంతా మేలుకొని చూసిన అవ్వలకు బంగారక్క, కేతిగాడి తగవులు ఇంకా గుర్తుంటాయి. ఆ అవ్వలు ఇంకో సంగతి కూడా చెప్తారు. వానలు పడకపోతే పిలిపించి విరాటపర్వం ఆడించేవాళ్లు. ఆట అయ్యేలోగా వాన పడుతుందని నమ్మకం. వాన పడిందా లేదా అన్నది వేరే మాట. కాని చూడండి, వాన లేని ఊరికి గింజలు లేవు. గింజలు లేని ఊరు ఆటగాళ్లకు ఏం పెడుతుంది? కరువు వస్తే ఆట కూడా ఎండిపోతుంది. తర్వాత సినిమాలు వచ్చాయి, టీవీలు వచ్చాయి. ఇప్పుడు నిమ్మలకుంటలో అదే తోలుతో దీపాల గూళ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్ముతున్నారు. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

27నాటి నాటకాల రోజు గురించి ఒక్క మాట. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ పెద్ద నటుడు. అప్పట్లో ఆడ వేషాలు కూడా మగవాళ్లే వేసేవాళ్లు. ఆడవాళ్ల వేషాలు ఆడవాళ్లే వేయాలని ఆయన పట్టుబట్టారు.

ఇంక 22, నీళ్ల రోజు. ఇది 1993 నుంచి జరుగుతోంది. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం ఉంది. అక్కడి చెరువు విజయనగర రాజుల కాలం నాటిది. ఒకసారి పెద్ద వాన వచ్చి కట్ట తెగబోయిందట. ఊరంతా మునిగిపోతుందని భయపడ్డారు. బసిరెడ్డి అనే ఆయన చిన్న కోడలిని బలి ఇస్తే కట్ట నిలుస్తుందని దేవత మాట వినపడిందట. ఆ కోడలి పేరు ముసలమ్మ. పేరుకు ముసలమ్మ గాని, వయసులో ఉన్న పిల్ల. ఊరి కోసం ఆమె గండిలోకి నడిచిందని కథ. ముసలమ్మ కట్ట అని ఇప్పటికీ అంటారు. ఈ కథ మీద కట్టమంచి రామలింగారెడ్డి ఒక కావ్యం రాశారు.

చెట్టుకు తిమ్మమ్మ, చెరువుకు ముసలమ్మ. ఇద్దరూ ఆడవాళ్లే. ఇద్దరూ ప్రాణం ఇచ్చినవాళ్లే. ఆ తల్లికి దండం పెట్టండి, తప్పు లేదు. కాని కట్టలు నిజంగా ఎందుకు తెగుతాయో కూడా తెలుసుకోవాలి. కట్ట మీద కంపచెట్లు మొలుస్తాయి. వాటి వేర్లు మట్టిని వదులు చేస్తాయి. ఎలుకలు, ఎండ్రకాయలు బొక్కలు తవ్వుతాయి. తూము దగ్గర కారుతుంది. మరువకు అడ్డం పడితే, ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి లేక కట్ట మీదుగా పొర్లుతాయి. ఇవన్నీ ఎండాకాలంలో, చెరువు ఎండినప్పుడే కంటికి కనపడతాయి. సరిచేయాల్సింది కూడా అప్పుడే. పూడిక తీసేది కూడా అప్పుడే. చెరువులో మట్టి నిండితే నీళ్లకు చోటు ఉండదు. ఆ మట్టి చేలకు మంచి ఎరువు.

ఈ పనులు ఎవరు అడగాలి? గ్రామసభలో అడగాలి. ఓటరు లిస్టులో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభలో సభ్యులే. సర్పంచి ఇంటి వాళ్లే కాదు, బిందె మోసే ప్రతి అక్కా సభ్యురాలే. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ పథకం కింద చాలా ఊళ్లలో ఆడవాళ్లు గంప ఎత్తి పూడిక తీశారు. గంప ఎత్తేటప్పుడు ఆడవాళ్లు కావాలి. ఏ చెరువు తవ్వాలో చెప్పేటప్పుడు మాత్రం "నీకేం తెలుసమ్మా, కూచో" అంటారు. ఏ తూము కారుతోందో, ఏ బావి ముందు ఎండుతుందో నీళ్లు మోసేవాళ్ల కంటే ఎవరికి బాగా తెలుసు? ఆ మాట కాగితం మీద రాసి, కింద సంతకాలు పెట్టి ఇస్తే "కూచో" అనడం కష్టం.

23, వాతావరణ రోజు. మనకు వాన ఎందుకు తక్కువ? పడమట సముద్రం మీద నుంచి మబ్బులు వస్తాయి. దారిలో పడమటి కనుమలు ఉన్నాయి. ఆ కొండల అవతలే చాలా వాన కురిసిపోతుంది. ఇవతలికి వచ్చేది మిగిలిన మబ్బు. తూర్పు సముద్రం మనకు దూరం. అందుకే అటు తుపాన్లూ ఇక్కడికి వచ్చేసరికి బలం తగ్గుతాయి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది.

మిల్లీమీటరు అంటే ఏమి? స్కేలు మీద చిన్న గీతకూ చిన్న గీతకూ మధ్య ఉన్న దూరం. పది మిల్లీమీటర్ల వాన అంటే, నీళ్లు ఎటూ పోకుండా నిలబడితే, వేలి గోరంత లోతు ఉంటుంది. కొంచెమే అనిపిస్తుంది. లెక్క వేద్దాం. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న చిన్న మిద్దె మీద పది మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 185 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో పన్నెండు బిందెలు! ఏడాదంతా పడే 550 మిల్లీమీటర్లకు 680 బిందెలు. అన్నీ పట్టుకోలేం. సగం పట్టినా ఎన్ని సార్లు కొళాయికి పోయే పని తప్పుతుందో మీరే లెక్క వేయండి.

వాన లెక్కతో ఇంకో పని ఉంది. కరువు మండలాలను ప్రకటించేటప్పుడు వాన లెక్కలు కూడా చూస్తారు. మండలం కేంద్రంలో పడిన వాన మన ఊళ్లో పడకపోవచ్చు. మన చేను ఎండిందని నోటితో చెప్తే ఎవరూ రాసుకోరు. మన దగ్గర తేదీలు, అంకెలు ఉంటే వాటిని చూపి మాట్లాడవచ్చు.

దానికి పెద్ద సామాను అక్కరలేదు. కింద, పైన ఒకే వెడల్పు ఉన్న డబ్బా ఒకటి చాలు. అడుగు చదునుగా ఉండాలి. చెట్టు కింద, చూరు కింద పెట్టకూడదు. బయలులో, కదలకుండా పెట్టాలి. ఉదయం ఎనిమిదిన్నరకు పిల్లల స్కేలుతో నీళ్ల లోతు కొలవాలి. స్కేలులో సున్నా గీతకు ముందు కొంచెం చెక్క ఉంటుంది. అది లెక్కలోకి రాకుండా అరగదీసిన స్కేలు అయితే మంచిది. కొలిచాక నీళ్లు పారబోయాలి. నోటుపుస్తకంలో ఒక పక్క తేదీ, ఒక పక్క వాన అని రాయాలి. రెండున్నర మిల్లీమీటర్ల కంటే తక్కువ పడితే దాన్ని ప్రభుత్వం వాన పడిన రోజుగా లెక్కపెట్టదు. అయినా రాసుకోవాలి. వాన పడని రోజు సున్నా అని రాయాలి. ప్రభుత్వ కేంద్రాల్లో కూడా ఎనిమిదిన్నరకే కొలుస్తారు. అదే సమయానికి కొలిస్తేనే ఆ లెక్కనూ, మన లెక్కనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.