సముద్రతీరము – ఇల్లాలి సాక్ష్యము



ఊరి బావినీరు ఉప్పనైనదని అందరికన్న ముందుగ గుర్తించువారెవరు? అధికారి గాడు, శాస్త్రజ్ఞుడును గాడు. పొయ్యిమీద పప్పు పెట్టి, ఎంతసేపటికిని అది ఉడుకకుండుట చూచిన ఇల్లాలే. సబ్బు నురుగు రాలేదనియు, బిడ్డ గ్రుక్కెడు నీరు త్రాగి మొగము చిట్లించెననియు ముందుగ తెలియునది ఆమెకే. ప్రయోగశాలనుండి కాగితము వచ్చుటకు దినములు పట్టును. ఆమెకు ఒక్క పూట చాలును. ఇట్టి ఎరుకకు మన చట్టములలో చోటు కలదా? కలదేని నేడు ఆ చోటు ఎట్లున్నది? నెల్లూరు తీరమును దృష్టాంతముగ గైకొని ఈ సంగతి ముచ్చటింప దలచితిమి.

ఇసుకనేలలో మంచినీటి ఉనికి మిక్కిలి సున్నితమైనది. వానకు దిబ్బలలో ఇంకిన నీరు, అడుగుననున్న ఉప్పునీటికన్న తేలిక గావున, దానిపై పొరవలె నిలిచియుండును. తీరపు పల్లెలవారు లోతులేని దొరువులు త్రవ్వి ఆ తీయని నీటిని కడవల కెత్తుకొందురు. ఈ పొరను మితిమీరి తోడినచో అడుగు ఉప్పు పైకి వచ్చును. దాని ప్రక్కనే సముద్రపు నీరు నిలువగట్టినచో ఆ ఉప్పు లోనికి ఊరును. చెడిపోవుటకు కొలది కాలము చాలును; బాగుపడుటకు ఎన్నో వానకాలములు గడువవలెను.

1990 తరువాతి యేండ్లలో ఈ తీరమున రొయ్యల గుంటలు మిక్కిలి వేగముగ వ్యాపించెను. విదేశములలో గిరాకి హెచ్చు, లాభమును హెచ్చు. అనుమతి మాట అడిగినవారు తక్కువ. అప్పుడు తమిళనాటి సర్వోదయ నాయకులు ఎస్. జగన్నాథన్‌గారు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. భూమిలేని పేద స్త్రీలకు భూమి ఇప్పించుటకై పాటుపడిన కృష్ణమ్మాళ్‌గారు వీరి ధర్మపత్నియే. ఆ వ్యాజ్యమున 1996 డిసెంబరు 11న తీర్పు వెలువడెను. నెల్లూరు జిల్లాలోని కుర్రు గ్రామపు సంగతి ఆ తీర్పున కెక్కినది. గుంటలవలన అచటి పల్లెవారికి త్రాగునీరు లేకపోయెననియు, స్త్రీలు ఎదురుతిరిగిన పిమ్మటనే ట్యాంకర్లతో నీరు తెచ్చి ఇచ్చిరనియు అందు కలదు. చూడుడు! కడవ పట్టుకొని వీథిలో నిలిచిన స్త్రీల మాట దేశపు అత్యున్నత న్యాయస్థానమున సాక్ష్యమైనది.

తీరపు నిబంధనలకు లోబడిన మేరలో వెలసిన గుంటలను 1997 మార్చి 31 లోపల తొలగింపవలెననియు, వ్యవసాయభూములను, ఉప్పుకొటారులను గుంటలుగ మార్చరాదనియు, పులికాట్ సరస్సునకు వేయి మీటరుల లోపల ఇట్టి పరిశ్రమ కూడదనియు ఆ తీర్పు శాసించెను. సంప్రదాయపు పద్ధతిని సాగు చేయువారికి మాత్రము మినహాయింపు నిచ్చెను. అయినను 2005లో పార్లమెంటు వేరుగ ఒక చట్టము చేసి, ఆ తీరపు ఆంక్షలు రొయ్యల సాగునకు వర్తింపవని నిర్ణయించి, అనుమతులిచ్చుటకు ఒక అధికారసంస్థ నేర్పరచెను. తీర్పు గెలిచినంత మాత్రమున పని ముగియదని దీనివలన తెలిసికొనవలెను.

పిమ్మట పెద్ద పనుల కాలము వచ్చినది. 2008లో కృష్ణపట్నపు కొత్త ఓడరేవు ప్రారంభమయ్యెను. సమీపమున నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్యగారి పేర బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము వెలసెను; అందు 800 మెగావాట్ల యూనిట్లు మూడు గలవు. చెన్నై–బెంగుళూరు పారిశ్రామిక నడవలో భాగమగు కృష్ణపట్నము పారిశ్రామిక నగరమునకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. వీనివలన పనులు దొరకుననియు, మన ఇండ్ల దీపములు వెలుగుననియు మేము కాదనము. రేవును వలదనుట మా ఉద్దేశము గాదు. రేవు వచ్చునపుడు దొరువు సంగతి అడుగువారుండవలెననియే మా మాట.

అడుగుటకు చట్టమున ఒక ద్వారము గలదు. దానిని ప్రజాభిప్రాయ సేకరణ యందురు. కేంద్రప్రభుత్వము 2006 సెప్టెంబరు 14న ప్రకటించిన నిబంధనల ప్రకారము, ఈ సభను గూర్చి కనీసము 30 దినములు ముందుగ పత్రికలలో ప్రకటింపవలెను. వానిలో ఒకటి ప్రాంతీయభాషా పత్రిక కావలెను. ప్రాజెక్టువలన గలుగు ఫలితముల సంగ్రహము తెలుగులో సయితము లభింపవలెను. సభకు జిల్లా కలెక్టరుగాని, తగిన హోదాగల వారి ప్రతినిధిగాని అధ్యక్షత వహింతురు. వచ్చిన ప్రతివారికి వివరము లడుగు హక్కు గలదు. చెప్పినదంతయు వ్రాసి, సభవారికి వారి భాషలో వివరించి, ఆ దినముననే అధ్యక్షులు సంతకము చేయవలెను. ఈ సభ ఎన్నిక గాదు. చేతులెత్తినంతనే ప్రాజెక్టు ఆగదు. కాని లేవదీసిన ప్రతి ఆక్షేపణకును సంస్థవారు సమాధానము చెప్పవలెను. అనుమతిని పరిశీలించు నిపుణులు దానిని చూడవలెను. చదువు, పదవి, ఆస్తి లేని స్త్రీకి గూడ తెరచియుండు ద్వార మిది.

తొందర పుట్టిన చోటనెల్ల మొదట మూయబడునదియు ఈ ద్వారమే. అనుమతి పొందిన పారిశ్రామికవాడల లోపల వచ్చు కర్మాగారములకు వేరుగ సభ అక్కరలేదని ఆ నిబంధనలలోనే గలదు. 2020లో వెలువడిన కొత్త ముసాయిదా 30 దినముల గడువును 20కి తగ్గింప జూచెను. మొదట అది ఇంగ్లీషు, హిందీలలో మాత్రమే యుండగా, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నిటిలోనికి అనువదింపవలెనని 2020 జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఆజ్ఞాపించెను. దేశమంతట లక్షలమంది ఆక్షేపించిరి. ఆ ముసాయిదా చట్టరూపము దాల్చలేదు. ఐదేండ్లకు, 2025 సెప్టెంబరులో, కీలకమైన కొన్ని ఖనిజముల గనులకు ఈ సభ అక్కరలేదని కేంద్రమంత్రిత్వశాఖ ఉత్తరువు చేసెను.

ముందు కట్టి పిదప అనుమతి కోరు పద్ధతి మరియొకటి. ముంబయిలోని వనశక్తి సంస్థవారి వ్యాజ్యమున 2025 మే 16న సుప్రీంకోర్టు అట్టి అనుమతులు చెల్లవని తీర్పు చెప్పెను. ఆరు నెలలకే, నవంబరు 18న, ముగ్గురు న్యాయమూర్తులలో ఇరువురు ఆ తీర్పును వెనుకకు దీసికొని పునర్విచారణకు మార్గము తెరచిరి. మూడవవారగు జస్టిస్ ఉజ్జల్ భుయాన్‌గారు విభేదించిరి. కట్టినదానిని కూల్చిన ప్రజాధనము వ్యర్థమగునని ఒక పక్షము. కట్టిన పిదప అడుగుట అడుగుటయే గాదని రెండవ పక్షము. కూర వండి వడ్డించిన తరువాత ఉప్పెంత వేయమందురని అడిగినచో ఏమి ప్రయోజనమో ఇల్లాండ్రకు మేము చెప్పనక్కరలేదు.

వాతావరణపు మార్పు ఈ చిక్కును మరింత ముడివేసినది. సముద్రము పెరిగినకొలది ఉప్పు లోనికి జొచ్చును; తుపానులు బలపడును. బొగ్గుపొగ తగ్గించుటకై 2070 నాటికి దేశపు ఉద్గారములను నికరముగ సున్న చేయుదుమని 2021లో గ్లాస్గో మహాసభయందు మన ప్రధాని వాగ్దానము చేసిరి. వాతావరణమార్పు కీడులనుండి రక్షణ పొందుట పౌరుల హక్కని 2024లో ఎం. కె. రంజిత్‌సిన్హ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పెను. ఇవి సంతోషింపదగిన మాటలే. అయితే సౌరఫలకములు చేయు కర్మాగారమునకును భూమి కావలెను గదా! ఉలవపాడు మండలములోని కరేడు అప్పుడు నెల్లూరు జిల్లాలో నుండెను. 2025 వేసవిలో ఇట్టి కర్మాగారమునకై వేల ఎకరముల సేకరణ తలపెట్టగా, ఆ యూరి రైతులు రోడ్డెక్కి, గ్రామసభలోను తమ అసమ్మతిని తెలిపిరి. పొగలేని వెలుగు మంచిదే. ఆ మంచిపనియైనను, పొలము విడువవలసినవారిని ముందుగ అడిగి చేయుటయే ధర్మము. పని ఉత్తమమైనంత మాత్రమున తొందర న్యాయము గాజాలదు.

ఇక మన మేమి చేయవలెను? పాలపద్దు, చాకలిపద్దు వ్రాయుట మన కలవాటే. తీరపు ఇల్లాండ్రు అదే పుస్తకమున మరి నాలుగు పంక్తులు వ్రాయుదురుగాక: దొరువు నీరు ఏ నెలలో రుచి మారినది, మంచినీటికై ఎంతదూరము నడచితిరి, నీళ్ల డబ్బాలకు ఎంత వ్యయమైనది, ఇంటిలో ఎవరికి ఎన్నాళ్లు దగ్గు పట్టినది. తేదీతో వ్రాసిన పద్దు వట్టి ఆడవారి గోల గాదు, అది సాక్ష్యము. సభ ప్రకటన వెలువడగనే నలుగురు కలిసి పంచాయతీ కార్యాలయమునకు బోయి తెలుగు సంగ్రహము నడుగుడు. సభలో నోటితో చెప్పి, కాగితముపై వ్రాసియు ఇండు. ఆ మాట కార్యక్రమ పత్రములో చేరినదో లేదో చదివించి వినుడు. అనుమతి అన్యాయమని తోచినచో, 2010 నాటి చట్టముచే ఏర్పడిన జాతీయ హరిత ధర్మాసనమున 30 దినములలో అప్పీలు చేయవచ్చును. తగిన కారణమున్నచో మరి 60 దినముల వరకు గడువు దొరకును. దాని దక్షిణ శాఖ చెన్నైలో గలదు.

కుర్రు స్త్రీలు నాడు ఏ చట్టమును చదివియుండిరో మేమెరుగము. తమ కడవలోని నీటిని మాత్రము వారెరిగిరి. ఆ ఎరుకకు నేడు అక్షరము తోడైనచో, ఎంత వేగముగ వచ్చు ప్రాజెక్టయినను ఒక్కక్షణము నిలిచి, ఇల్లాలి మాట విని పోవలసినదే.