ఖర్జూరపు గింజ – తాటి తేగ

ఖర్జూరపు పండు తిని గింజను పారవేయుట మనందరికీ అలవాటే. ఆ గింజను ఇంట్లోనే మొలిపించవచ్చును. కాని తాటి జాతి గింజ మొలిచే తీరు చిక్కుడు గింజ తీరు వంటిది కాదు. ఈ సంగతి తెలియక మేము ఒకసారి తప్పు చేశాము.

కొన్నేండ్ల క్రితము ఇక్కడ కాలిఫోర్నియాలో మా తరగతి పిల్లలచేత కుండీలలో ఖర్జూరపు గింజలు పెట్టించాము. రెండు నెలలైనా మట్టిపైన ఏమీ కనబడలేదు. చచ్చిపోయినవని తలచి కుండీలు బోర్లించాము. చూడగా చాలా గింజలనుండి తెల్లని కాడ వేలెడంత కిందికి దిగి ఉన్నది. మా చేతిలోనే అవి విరిగిపోయినవి. పిల్లల ముఖాలు చిన్నబోయినవి.

విరిగిన మొలకను ఫిజీలో పుట్టిన మా అమ్మకు చూపించాము. "మా నాయనమ్మ చెబుతుండిన తేగ ఇట్లాంటిదే కాబోలు" అన్నది. ఆ నాయనమ్మ గిర్మిట్ మీద మద్రాసు రేవునుండి వచ్చిన మనిషి. తేగ అనే మాటను వెంట తెచ్చుకొన్నది గాని, చూపించడానికి ఆమె ఇంటిదగ్గర తాటిచెట్టు లేదు. అమ్మ కూడా తేగను ఎన్నడూ చూడలేదు.

ఇంతకూ తేగ అంటే ఏమిటి? ఆంధ్రదేశములో తాటిపండ్లు శ్రావణ భాద్రపద మాసాలలో రాలుతాయి. వాటి టెంకలను వదులు మట్టిలో పాతర వేస్తారు. మొలక మొదట పైకి రాదు, నేలలోకి దిగుతుంది. అక్కడ పిండిపదార్థము నింపుకొని బలిసిన లేత మొక్కే తేగ. మూడు నాలుగు నెలలకు తవ్వి, కాల్చి లేక ఉడికించి తింటారు. టెంకలో ఉండే మెత్తని బుర్రగుంజు గింజలోని ఆహారమును పీల్చి మొక్కకు అందిస్తుంది.

ఖర్జూరము, ఈత, కాలిఫోర్నియా సొంత చెట్టయిన వాషింగ్టోనియా కూడా ఈ తీరుగానే మొలుస్తాయి. కాడ లోతుకు పోయిన తరువాత దాని కొసనుండి వేరు కిందికి, ఆకు పైకి బయలుదేరుతాయి. పైమట్టి ఎండినా లేత మొక్క లోతున భద్రముగా ఉంటుంది.

ఇక పద్ధతి చెబుతాము. గింజకు అంటిన కండ అంతా కడగవలెను, లేకుంటే బూజు పడుతుంది. రెండు రోజులు నానబెట్టి, రోజూ నీరు మార్చవలెను. తడిపి గట్టిగా పిండిన కొబ్బరిపొట్టులో కలిపి, ప్లాస్టిక్ సంచిలో మూసి, 80 నుండి 95 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనములో ఉంచవలెను. కొన్ని వారాలకు తెల్లకాడ కనబడుతుంది. అప్పుడు అడుగు లోతైన కుండీలో, కాడ కిందికి ఉండేటట్లు నాటవలెను. తడి ఉండాలి, నీరు నిలువరాదు. మొదటి ఆకు గడ్డిపోచ వలె ఉంటుంది, కలుపు అనుకొని పీకవద్దు. గింజను మొక్కనుండి విడదీయవద్దు.

గింజనుండి వచ్చిన చెట్టు మగది కావచ్చును, ఆడచెట్టే కాస్తుంది. అందుకే తోటవారు పిలకలు నాటుతారు. 1927లో వాల్టర్ స్వింగిల్ మొరాకోనుండి 11 మెడ్జూల్ పిలకలు అమెరికాకు తెచ్చాడు. వాటిలో 9 బ్రతికినవి. వాటి సంతతితోనే ఇక్కడి మెడ్జూల్ తోటలు మొదలైనవి.

మరొక హెచ్చరిక. ఇండియానుండి గాని ఫిజీనుండి గాని గింజలు సంచిలో దాచి తేవద్దు. దానికి ప్రభుత్వ అనుమతి, ధ్రువపత్రము కావలెను.

ఇశ్రాయేలులోని మసాడా కోటలో దొరికిన సుమారు 2000 ఏండ్లనాటి ఖర్జూరపు గింజ 2005లో నాటగా మొలిచింది. గింజకు అంత ఓపిక ఉన్నప్పుడు మనకు కొన్ని నెలల ఓపిక ఉండరాదా? మరుసటి ఏడు మా పిల్లలు కుండీలు కదపలేదు. వేసవి సెలవులకు ముందు ఏడు కుండీలలో ఆకు లేచింది.

మీ ఇండ్లలో పెద్దల నోట తేగ, ముంజ, బుర్రగుంజు వంటి మాటలు మిగిలియుంటే పత్రికకు వ్రాసి పంపండి. పైన ఆకు కనబడలేదని కుండీని మాత్రము బోర్లించవద్దని మా మనవి.