తూటా ఇమిడితే సరిపోతుందా?

తూటా పేరులోని అంకెలను ముందుగా గమనించండి. 1873లో అమెరికా సైన్యం స్ప్రింగ్‌ఫీల్డ్ ‘ట్రాప్‌డోర్’ రైఫిలుతో పాటు స్వీకరించిన .45-70 తూటాలో మొదటి అంకె గొట్టం కొలతను అంగుళాలలో, రెండవది నల్లమందు బరువును గ్రెయిన్లలో (70 గ్రెయిన్లు సుమారు 4.5 గ్రాములు) తెలుపుతాయి.

రూగర్ నంబర్ 1 వంటి నేటి ఒంటి తూటా రైఫిళ్లలోనూ ఇదే తూటా ఇముడుతుంది. అయితే ఇమడటం వేరు, పీడనాన్ని తట్టుకోవడం వేరు. పొగరాని మందు తక్కువ పరిమాణంలోనే ఎక్కువ శక్తినిస్తుంది. నల్లమందు కొలతకు దాన్ని నింపితే, లేదా నేటి రైఫిలు కోసం నింపిన బలమైన తూటాను పాతదానిలో పేల్చితే, రైఫిలు పగిలి కాల్చినవారే గాయపడవచ్చు. అందుకే తూటాలు స్వయంగా నింపుకునేవారి ప్రామాణిక పట్టికలు ఈ ఒక్క తూటాకే రైఫిలు బలాన్నిబట్టి సాధారణంగా మూడు విభాగాలు చూపుతాయి. తూటా పేరు కొలతను చెబుతుందే గాని పీడనాన్ని చెప్పదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పేరు ఒకటే అయిన రెండు తూటాలు ఒకే రైఫిలుకు ఎందుకు సరిపడకపోవచ్చు?