నీళ్లు తాగే జీపు కాదు, నీళ్లు కక్కే జీపు

కోటబొమ్మాళి: జాతీయ రహదారి దిగి ఉద్దానం వైపు ఇసుక బాట పట్టే పాత జీపుల్లో నీళ్ల క్యాను లేని బండి అరుదు. ఊరు చేరి ఇంజను ఆపగానే బోనెట్ కింద సుయ్‌మని చప్పుడు వస్తుంది. నేల మీద గ్లాసుడు వేడి నీళ్లు పడతాయి. డ్రైవరు కాసేపు ఆగి, మూత విప్పి, దగ్గరలోని బోరింగు నీళ్లు అంచు దాకా పోసి మూత బిగిస్తాడు. మర్నాడూ అదే తంతు. అడిగితే "బండి నీళ్లు తాగేస్తంది" అంటాడు.

నిజానికి బండి నీళ్లు తాగడం లేదు, కక్కుతున్నది. ఈ రెంటికీ తేడా తెలియకపోవడం వల్లనే చాలా రేడియేటర్లు ఆయుష్షు తీరకుండానే పాత ఇనుప సామాను కొట్టుకు చేరుతున్నాయి.

ఆటోలు వచ్చాక జీపుల సంఖ్య తగ్గిన మాట వాస్తవమే. అయినా మహేంద్రగిరి కింద మందస కొండ దారుల్లోనూ, టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల బాటల్లోనూ, జీడితోటల మధ్య ఇసుకలోనూ నాలుగు చక్రాలకూ పట్టు ఉన్న బండికి సాటి లేదు. మన దేశంలో మహీంద్రా వారు విల్లీస్ జీపులను 1947లో బిగించడం మొదలుపెట్టారు. ఆ వంశంలోనే 1980 దశకంలో ఎంఎం 540, 1990 దశకంలో కమాండర్ వచ్చాయి. వీటిలో చాలా బండ్లకు ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి.

ఇక్కడ బండి దారిలో ఆగడమంటే కేవలం కిరాయి పోవడం కాదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. డయాలసిస్ మీద ఉన్నవారు వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లి రావాలి. అలాంటి రోగిని ఎక్కించుకున్న బండి తోట నడుమ ఆవిరి కక్కుతూ నిలబడితే, పక్క ఊరి నుంచి మరో బండి వచ్చేదాకా ఆ మనిషి ఎండలో కూర్చోవలసిందే.

ఇసుకలో ఎందుకు హీటెక్కుతుంది?

తారు రోడ్డు మీద బండి పోతుంటే ఎదురుగాలి రేడియేటరులోకి దానంతట అదే దూరుతుంది. ఇసుకలో మొదటి గేరులో ఇంజను గొంతు చించుకుంటుంది గాని బండి నడిచే మనిషి వేగంతోనే కదులుతుంది. ఎదురుగాలి ఉండదు. భారమంతా ఫ్యాను మీద, దానిని తిప్పే బెల్టు మీద పడుతుంది. బెల్టు వదులైతే ఫ్యాను తిరిగినట్టే కనిపిస్తుంది కాని గాలి లాగదు. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. అంతకంటే దిగితే బిగించుకోవాలి. ఫ్యాను చుట్టూ ఉండవలసిన రేకు డొప్ప చాలా పాత జీపులకు ఏనాడో ఊడిపోయింది. "ఆ రేకుతో ఏం పని" అని పారేసినవారే ఎక్కువ. ఆ డొప్ప లేకపోతే ఫ్యాను రేడియేటరు మధ్య భాగం నుంచి మాత్రమే గాలి లాగుతుంది, నాలుగు మూలలూ దండగే.

పొంగడం జబ్బు కాదు

పాత జీపు ఇంజనులో, రేడియేటరులో కలిపి సుమారు 10 లీటర్ల నీరు పడుతుంది. నీరు వేడెక్కితే ఉబ్బుతుంది. 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కిన 10 లీటర్లు 300 మిల్లీలీటర్లకు పైగా పెరుగుతాయి. ఆ పెరిగిన నీటికి లోపల చోటు లేకపోతే మూత కింది స్ప్రింగు లేచి, పక్కనున్న సన్న గొట్టం గుండా నేల మీదకు పోతుంది. ఇంజను ఆపిన వెంటనే ఎక్కువగా పొంగడానికి మరో కారణం ఉన్నది. ఫ్యాను, వాటర్ పంపు ఆగిపోతాయి కాని ఇనుములోని వేడి ఆగదు. అది నిలిచిన నీటిలోకి దిగి ఇంకా ఉబ్బిస్తుంది. అందుకే ఇసుకలో నడిచి వచ్చిన బండిని వెంటనే ఆపకుండా రెండు నిమిషాలు నెమ్మదిగా తిరగనివ్వాలి.

అంచు దాకా పోసినవాడు ఆ పై 300 మిల్లీలీటర్లను మర్నాడు మళ్లీ పారబోసుకుంటాడు. మళ్లీ పోస్తాడు. ఏడాదిలో ఇది 100 లీటర్ల పైమాటే. అంటే రేడియేటరును పదిసార్లు కొత్త నీటితో నింపినట్లు. ఆ నీళ్లు ఏ నీళ్లన్నదే అసలు ప్రశ్న.

బోరు నీటిలో కరిగి ఉన్న సున్నం వేడి తగలగానే విడిపోయి గారగా పేరుకుంటుంది. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా కట్టేది ఇదే. తాగే నీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదనీ, వేరే దిక్కు లేకపోతే 600 వరకు సరిపెట్టుకోవచ్చనీ ప్రభుత్వ ప్రమాణం. లీటరుకు 300 మిల్లీగ్రాములున్న నీరు పోశాడనుకుంటే 100 లీటర్లతో 30 గ్రాముల సున్నం ఇంజనులోకి పోయినట్లే. మొదట పోసిన నీటిలోని సున్నం ఒకసారితో తీరిపోతుంది. రోజూ పోసే కొత్త నీరే రోజూ కొత్త గార తెస్తున్నది. తీరం దగ్గర నీటిలో ఉప్పు కూడా కలిస్తే ఇనుము తుప్పు పడుతుంది, ఆ తుప్పు గారతో కలిసి రేడియేటరు సన్న గొట్టాలను పూడుస్తుంది. గొట్టాలు పూడితే బండి నిజంగానే హీటెక్కుతుంది, ఇంకా ఎక్కువ కక్కుతుంది, డ్రైవరు ఇంకా ఎక్కువ పోస్తాడు.

ఈ చక్రాన్ని తెంచే ఉపాయం చాలా చౌక. పొంగిన నీటిని నేలపాలు కానివ్వకుండా ఒక డబ్బాలో పట్టుకోవడమే. కొత్త కార్లన్నింటికీ అలాంటి డబ్బా ఉంటుంది. పాత జీపుకు ఏ విడిభాగాల దుకాణంలోనైనా దొరికే ప్లాస్టిక్ డబ్బాను రేడియేటరు పక్కన బిగించి, సన్న గొట్టాన్ని దాని అడుగు దాకా దించాలి. ఇంజను చల్లారినప్పుడు లోపల నీరు కుంచించుకుని, పోయిన నీటిని డబ్బా నుంచి వెనక్కి లాక్కుంటుంది. గొట్టం కొస నీటిలో మునిగి లేకపోతే గాలి లాగుతుంది, శ్రమ వృథా. మూత కూడా అందుకు తగినదే కావాలి. స్ప్రింగు కింది రబ్బరుతో పాటు, మెడ పైఅంచును మూసే రెండో రబ్బరు ఉన్న మూత వేయాలి. డబ్బా సగం నిండి ఉంటే చాలు. డబ్బా పెట్టలేనివారు రేడియేటరు పైన అంగుళంన్నర ఖాళీ ఉంచి పోయాలి. అలా ఉంచితే ఆ 300 మిల్లీలీటర్లు లోపలే సర్దుకుంటాయి.

పోసే నీరు బ్యాటరీల దుకాణంలో అమ్మే శుద్ధ జలమైతే మేలు. మొదటి వాన కప్పును కడిగాక శుభ్రమైన డాబా మీద పట్టిన వాన నీరూ మంచిదే.

మూతతో ఆటలొద్దు

మూత మీద అంకె ఉంటుంది. అది ఎన్ని పౌన్ల ఒత్తిడి వరకు ఆపుతుందో చెబుతుంది. పాత విల్లీస్ నమూనాలకు 4, 7 పౌన్ల మూతలు వేసేవారు. 7 పౌన్ల మూత కింద నీరు 100 డిగ్రీలకు కాక దాదాపు 111 డిగ్రీలకు మరుగుతుంది. "పొంగడం ఆగుతుంది కదా" అని కొత్త కారు మూత తెచ్చి బిగించేవారున్నారు. దాని ఒత్తిడి 13 పౌన్లు, 15 పౌన్లు కూడా ఉండవచ్చు. ముప్పై ఏళ్ల నాటి మాటు అతుకులు దానికి తట్టుకోలేవు. పొంగడం ఆగి, చిల్లు పడుతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది మనిషి చర్మం. వేడి మీద మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, మరుగు దాటిన నీరు ఆవిరై ముఖం మీదికి ఎగదన్నుతుంది. మొహం, మెడ, చేతులు కాలుతాయి. అరగంట ఆగడమొక్కటే మార్గం. పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, మందపాటి తడిగుడ్డ కప్పి, మొహం పక్కకు పెట్టి, మొదటి మెట్టు దాకా తిప్పి ఆవిరి పోనివ్వాలి. ఆ తరువాతే నొక్కి పూర్తిగా తీయాలి. కాలిన ఇంజనులో చన్నీళ్లు కుమ్మరిస్తే ఇనుము పగులుతుంది. ఆ ఖర్చుతో మరో పాత జీపు కొనవచ్చునని మెకానిక్కులు హాస్యమాడేది ఉత్త హాస్యం కాదు.

ఎప్పుడు భయపడాలి?

డబ్బా పెట్టాక కూడా నీరు తగ్గుతుంటే అప్పుడు జబ్బున్నట్లు. చల్లటి బండి మూత తీసి ఇంజను నడిపి చూస్తే నీటిలో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. ఇంజనాయిలు పాలు కలిపిన టీ రంగుకు తిరిగితే నీరు అందులో కలిసిందన్నమాట. ఆ బండిని ఇంకో కిలోమీటరు కూడా నడపరాదు. కింది హోస్ పైపు మెత్తబడి, ఇంజను వేగం పెంచినప్పుడు చప్పిడిగా నొక్కుకుపోతుంటే అదీ మార్చాలి.

చిల్లు పడితే రేడియేటరులో పసుపు పోయడం మన డ్రైవర్లకు తెలిసిన చిట్కా. ఇంటికి చేరడానికి పనికొస్తుంది, కాదనలేం. కాని చిల్లును పూడ్చిన పసుపే సన్న గొట్టాలనూ పూడుస్తుంది. ఇల్లు చేరగానే నీరంతా దించి కడిగించాలి. పాత జీపుల రేడియేటరు రాగి, ఇత్తడితో చేసినది. దానికి మాటు వేయవచ్చు, పై తొట్టి విప్పి సన్న చువ్వతో గొట్టాలు ఒక్కొక్కటీ తీయించవచ్చు. అల్యూమినియం, ప్లాస్టిక్‌తో వచ్చే కొత్త వాటికి ఆ వీలు లేదు. కాబట్టి పాతది పాడైందని తొందరపడి తూకానికి వేయవద్దు.

బయట రెక్కల మధ్య చేరిన దుమ్ము, పురుగులు, జీడితోటల చెత్త నెలకోసారి కడగాలి. నీరు ఇంజను వైపు నుంచి ముందుకు కొట్టాలి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. జోరుగా కొడితే రెక్కలు వంగుతాయి. థర్మోస్టాట్ తీసి పారేస్తే చల్లగా ఉంటుందని చాలామంది నమ్మకం. తీసేసిన ఇంజను సరిపడా వేడెక్కక డీజిలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది.

పచ్చ నీరు, తీపి విషం

చలి దేశాల్లో నీరు గడ్డకట్టి ఇంజను పగలకుండా కనిపెట్టినదే కూలెంట్. మనకు గడ్డకట్టే బాధ లేదు. తుప్పు పట్టనివ్వదు, మరిగే వేడిని కాస్త పెంచుతుంది కాబట్టి ఇక్కడా ఉపయోగమే. శుద్ధ జలంతో సగం సగం కలపడం వాడుక. పాత నీటిని పూర్తిగా దించి కడిగాకే పోయాలి. డబ్బా మీద రాసిన గడువుకు మార్చాలి, రంగు పచ్చగా ఉన్నంత మాత్రాన మందు పని చేస్తున్నట్లు కాదు.

కూలెంట్‌లో ఎక్కువగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. రుచి తీపి. కొద్దిపాటి కడుపులోకి పోయినా మూత్రపిండాలను దెబ్బతీసి ప్రాణం మీదికి తెస్తుంది. ఉద్దానంలో ఇన్నేళ్లుగా జనాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బును దీనికి ముడిపెట్టే ఆధారం లేదు, ఆ జబ్బు కారణం నేటికీ తేలలేదు. అయినా ఈ పచ్చ నీటిని తాగునీటి సీసాల్లో దాచడం, దించిన పాత కూలెంట్‌ను బావి గట్టున, తోటలో పారబోయడం ఎక్కడైనా ప్రమాదమే. తీపికి కుక్కలు, పశువులు నాకుతాయి, పిల్లలు తాగుతారు. దించేటప్పుడు కింద వెడల్పాటి తొట్టి పెట్టి, మూత గట్టిగా ఉన్న పాత నూనె డబ్బాలో పోసి, మీద పెద్ద అక్షరాలతో విషమని రాసి, పిల్లలకు అందని చోట ఉంచాలి. పాత ఆయిలు పోగుచేసే గ్యారేజీ ఉంటే అక్కడ ఇవ్వవచ్చు. డబ్బా బిగించిన కొత్తలో ఓ వారం పాటు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా, నీటి మట్టం దగ్గర సుద్దతో గీత గీసి చూసుకుంటే బండి తాగుతున్నదో కక్కుతున్నదో తేలిపోతుంది.