కంటికి కనబడినదెల్ల నిజమా?

1957లో విడుదలయిన 'మాయాబజార్' చిత్రమున ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చి పెండ్లివారిని ఏమార్చుట చూచి మన పెద్దలు మురిసిపోయిరి. నేటికిని మనము మురియుచున్నాము. అది టిక్కెట్టు కొని మనమే కోరుకొన్న మాయ. నేడు కోరకుండనే అట్టి మాయ మన చేతిలోని ఫోనులోనికి వచ్చుచున్నది. ఒకరి ముఖమును వేరొకరి శరీరమునకు అతికించుట, ఒకరు పలుకని మాటలను వారి గొంతుతోనే పలికించుట ఈ క్రొత్త మాయయొక్క లక్షణములు. దీనికి డీప్‌ఫేక్ అని పేరు. 2017 ప్రాంతమున ఈ పదము వాడుకలోనికి వచ్చినది.

ఈ మాయ వెనుక మంత్రము లేదు, గణితము కలదు. కోట్లకొలది చిత్రములను, వాటి వర్ణనలను కంప్యూటరునకు చూపి శిక్షణ నిత్తురు. స్పష్టమైన చిత్రముపై కొద్దికొద్దిగా చుక్కలు చల్లి దానిని గందరగోళము చేసి, ఆ చుక్కలను తొలగించుట యెట్లో దానికి నేర్పుదురు. మనము రేడియో ముల్లు త్రిప్పునపుడు మొదట గరగర వినబడి, క్రమముగా స్టేషను కుదిరి మాట స్పష్టమగును గదా! యంత్రము కూడ అట్లే చుక్కల గందరగోళముతో మొదలిడి, మెట్టు మెట్టుగా దానిని తొలగించుచు, మనము అడిగిన బొమ్మను తేల్చును. అయితే ఒక్క భేదము కలదు. రేడియోలో ఆవలి ప్రక్క ఎవరో ఒకరు నిజముగా మాటలాడియుందురు. ఇచ్చట ఆవల ఎవరును లేరు.

గొంతు సంగతియు నిట్టిదే. 2023లో మైక్రోసాఫ్ట్ సంస్థ ప్రకటించిన పరిశోధనలో మూడు సెకండ్ల నమూనాతోనే ఒక మనిషి కంఠమును అనుకరింప వీలయినది.

దీనివలన కలుగు హాని ఎట్టిదో 2023 నవంబరులో అందరికిని తెలిసినది. నటి రష్మిక మందన్న లిఫ్టులోనికి ప్రవేశించుచున్నట్లు ఒక వీడియో దేశమంతట వ్యాపించినది. నిజమునకు అది బ్రిటనులో నివసించు భారత సంతతి యువతి యొకతె అంతకు ముందు నెలలో ప్రకటించుకొన్న వీడియో. ఆమె దేహమునకు నటి ముఖమును అతికించిరి. నిదానించి చూచినవారికి మొదటి క్షణమున, ముఖము మారకముందు, అసలు యువతియే కనబడినది. అసలు వీడియో దొరకుటతో మోసము బట్టబయలయ్యెను. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు ప్రాంతపు యువకు నొకనిని ఈ కేసులో అరెస్టు చేసిరి. ఒక్క బొమ్మతో ఇద్దరు స్త్రీలకు అవమానము జరిగినది.

ఇట్టివానిని గుర్తించుటకు కొన్ని ఆనవాళ్లు కలవు. వ్రేళ్ల లెక్క తప్పుట, నీడలు వేర్వేరు దిక్కులకు పడుట, పెదవులకును మాటకును పొత్తు కుదరకుండుట అట్టివి. తెలుగు బోర్డులమీది అక్షరములను ప్రత్యేకముగా చూడవలెను. యంత్రము తరచుగా లేని గుణింతములను, అర్థములేని వత్తులను గీయును. స్థానిక జ్ఞానము అన్నిటికంటె మేలు. 1924లో ప్రతిష్ఠింపబడిన మా మెదకు చర్చికి 175 అడుగుల గంటల గోపురము ఒక్కటే కలదు. యంత్రము రెండు గోపురములు గీసినచో పరవూరివారు గుర్తింపలేకపోవచ్చును గాని, మెదకు పసివాడైనను గుర్తించును.

కాని యంత్రము దినదినము తన తప్పులను దిద్దుకొనుచున్నది. నిన్నటి ఆనవాలు రేపు పనికిరాకపోవచ్చును. కావున 'ఈ బొమ్మ ఎట్లున్నది?' అని కాక, 'ఇది ఎచ్చటనుండి వచ్చినది?' అని అడుగుట నేర్వవలెను.

ఇందుకు కంచ గచ్చిబౌలి ఉదంతము చక్కని పాఠము. 2025 మార్చి చివర, హైదరాబాదు విశ్వవిద్యాలయము చెంతనున్న 400 ఎకరముల భూమిని యంత్రములతో చదును చేయ నారంభించిరి. విద్యార్థులు అడ్డుపడిరి. ఆ దినములలో బుల్డోజర్ల యెదుట జింకలు, నెమళ్లు ఉన్నట్లు అనేక చిత్రములు ఫోన్లలో తిరిగినవి. వాటిలో కృత్రిమ మేధ కల్పించినవియు కలవు. ప్రభుత్వము వానిని చూపి తప్పుడు ప్రచారమని ఆక్షేపించినది. కొందరికి పోలీసు నోటీసులు వెళ్లినవి. అయినను బొమ్మ కల్ల అయినంతమాత్రమున చెట్లు కూలుట కల్ల కాలేదు. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీం కోర్టు ఆదేశముపై హైకోర్టు రిజిస్ట్రారు ఆ నేలకు పోయి చూచి, దాదాపు 100 ఎకరములలో చెట్లు తొలగింపబడినవనియు, నెమళ్లు, జింకలు అచ్చట కనబడినవనియు నివేదించెను. కోర్టు పనులను ఆపించినది.

కల్లబొమ్మ వలన రెండు నష్టములు కలవని దీనివలన తెలియుచున్నది. ఒకటి, లేనిదానిని నమ్ముట. రెండవది అంతకంటె పెద్దది: ఉన్నదానిని సైతము 'ఇది యంత్రము చేసినది' అని త్రోసివేయుట. మంచి ఉద్దేశముతో పంపిన కల్లబొమ్మయు నిజమునకు శత్రువే యగును.

ఏడుపాయలలో మంజీర పొంగి వనదుర్గ ఆలయము నీట మునుగుట మెదకువారికి క్రొత్త కాదు. 2025 ఆగస్టు వానలను మన జిల్లావారు మరువజాలరు. అట్టి రాత్రి 'ఘనపురం ఆనకట్ట తెగినది' అని ఒక బొమ్మ వచ్చిన దనుకొందము. నమ్మినవారు చీకటిలో బిడ్డలను చంకనిడుకొని పరుగిడుదురు. అది కల్ల అని తేలినపిమ్మట, నిజమైన హెచ్చరిక వచ్చిన నాడు ఎవరును కదలరు. 'నాన్నా, పులి' కథ మనకు తెలిసినదే గదా!

కావున మొదట ఆగవలెను; ఇతరులకు పంపరాదు. పిమ్మట గూగుల్ లెన్స్ వంటి సాధనముతో ఆ చిత్రము మునుపెచ్చటనైన వెలువడినదేమో వెదకవలెను. హైదరాబాదునుండి తెలుగులో కూడ నిజనిర్ధారణ చేయు ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థల పుటలు చూడవచ్చును. ఆ స్థలమున నున్నవారికి ఫోను చేసి అడుగుట ఇంకను మేలు. బంధువు గొంతుతో ఎవరైన తొందరపెట్టి డబ్బు అడిగినచో, ఫోను పెట్టివేసి, మనకు తెలిసిన నంబరునకు మరల చేయవలెను. ఇంటివారికి మాత్రమే తెలిసిన ప్రశ్న యొకటి అడుగవలెను. డబ్బు పోయినచో వెంటనే 1930 నంబరునకు తెలుపవలెను.

మాయాబజారులో శకునిచేత నిజము పలికించుటకు సత్యపీఠ ముండెను. ఫోనులోని బొమ్మను ఎక్కించి నిజము చెప్పించు పీఠమేదియు మనకు లేదు. పోయి చూచినవారి మాటయు, అడిగి తెలిసికొను మన ఓపికయే నేడు మనకు సత్యపీఠము.