తొమ్మిది స్విచ్‌లకు ఒకే నాయకుడు

- పూర్వ విద్యార్థి, ఎం.సి.ఎ.

నేటి కంప్యూటర్ యుగంలో ఏ కాలేజీకి వెళ్ళినా ల్యాబ్ మూలన ఇనుప బీరువాలో పచ్చ లైట్లు మిణుకుమిణుకుమనే పెట్టెలు కనిపిస్తాయి. వాటినే నెట్‌వర్క్ స్విచ్‌లు అంటారు. ల్యాబ్‌లోని కంప్యూటర్లన్నింటినీ ఒకదానితో ఒకటి కలిపేవి అవే. ఒక్కో స్విచ్‌కు సాధారణంగా 24 లేదా 48 పోర్టులుంటాయి. కంప్యూటర్లు రెండు వందలుంటే ఐదారు స్విచ్‌లు కావాలి. విడివిడిగా వాడితే ఒక్కోదానికి ఒక ఐ.పి. అడ్రస్, ఒక పాస్‌వర్డ్. చిన్న మార్పు కూడా ఐదారుసార్లు చేయాలి. ఒకచోట మరచిపోతే అక్కడి కంప్యూటర్లు మొరాయిస్తాయి.

ఈ తిప్పలు తప్పించేదే స్ట్యాకింగ్. 2003లో సిస్కో కంపెనీ కెటలిస్ట్ 3750 స్విచ్‌లతో పాటు స్ట్యాక్‌వైజ్ అనే పద్ధతిని తెచ్చింది. స్విచ్‌ల వెనుక ప్రత్యేక కేబుళ్ళతో ఒకదాని నుండి మరొకదానికి, చివరిదాని నుండి మళ్ళీ మొదటిదానికి కలుపుతారు. ఇలా 9 స్విచ్‌ల వరకు కలిపి ఒకే స్విచ్‌గా నడపవచ్చు. అడ్రస్ ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే. మన హాస్టల్లో గది నంబరు, మంచం నంబరు చెప్పినట్లే 3/0/12 అంటే మూడవ స్విచ్‌లో పన్నెండవ పోర్టు అన్నమాట.

కేబుల్ వలయంలా ఉండడంలో ఒక ఉపాయం ఉంది. ఒకచోట తెగితే వేగం సగానికి తగ్గుతుంది కానీ పని ఆగదు. రెండుచోట్ల తెగితే మాత్రం స్ట్యాక్ రెండుగా చీలి, ఒకే అడ్రస్‌తో రెండు గుంపులు తయారై గొడవ మొదలవుతుంది.

వీటిలో ఒకటి నాయకుడు. దానిని మాస్టర్ అంటారు. ప్రతి స్విచ్‌కు 1 నుండి 15 వరకు ప్రయారిటీ ఇవ్వవచ్చు. మనం ఇవ్వకపోతే అది 1. ఎన్నికలో ఎక్కువ ప్రయారిటీ ఉన్నదే గెలుస్తుంది. మాస్టర్ చెడిపోతే మిగిలినవాటిలో ఒకటి ఆ బాధ్యత తీసుకుంటుంది. సెట్టింగుల నకలు ప్రతి స్విచ్ దగ్గరా ఉంటుంది కాబట్టి ఇది సాధ్యమవుతుంది.

ఇదంతా చదివిన నేనే ఒకసారి బోల్తాపడ్డాను. ఎం.సి.ఎ. చదువుతూ ఒక కాలేజీ ల్యాబ్‌లో సహాయకుడిగా పనిచేసేవాడిని. అక్కడ నాలుగు స్విచ్‌ల స్ట్యాక్ ఉండేది. పోర్టులు చాలక, వేరేచోట వాడిన ఐదవ స్విచ్‌ను కరెంటు ఆన్‌లో ఉండగానే కలిపాను. పాతవాటి ప్రయారిటీ 1. కొత్తదాని ప్రయారిటీ 15! కొత్తగా వచ్చినదే మాస్టరై కూర్చుంది. పాత నాలుగూ రీస్టార్టయి దాని సెట్టింగులనే తీసుకున్నాయి. వాటి నంబర్లు కూడా తారుమారయ్యాయి. ల్యాబ్ మొత్తం ఆగిపోయింది. ఆ రోజు స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు ఆఖరి రోజు. బయట మనలాంటి పిల్లలే సర్టిఫికెట్లు పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే. ఇటువంటప్పుడు అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. చేతులు వణుకుతుండగా మన హాస్టల్ సీనియర్ అన్నకు ఫోన్ చేశాను. "ముందు కొత్తదాన్ని తీసేయ్. బ్యాకప్ ఉందా?" అన్నాడు. అదృష్టవశాత్తు ఉంది. నంబర్లు సరిచేసి, బ్యాకప్ ఎక్కించేసరికి రెండు గంటలు పట్టింది. సాయంత్రంలోగా అందరి దరఖాస్తులూ వెళ్ళాయి.

ఆ రోజు నేర్చుకున్నవి ఇవి:

1. కొత్త స్విచ్‌ను కరెంటు ఆపి, కేబుళ్ళు బిగించి, ఆ తర్వాతే ఆన్ చేయాలి.
2. మాస్టర్‌గా ఉండవలసినదానికి ముందే 15 ప్రయారిటీ ఇవ్వాలి.
3. సాఫ్ట్‌వేర్ వెర్షన్ అన్నింటిలో ఒకటేనా అని చూడాలి.
4. పని మొదలుపెట్టకముందే బ్యాకప్ తీసుకోవాలి.

3750లు ఇప్పుడు పాతబడ్డాయి. 2017లో వచ్చిన కెటలిస్ట్ 9300లో 8 స్విచ్‌లను కలపవచ్చు. మాస్టర్‌ను యాక్టివ్ అంటారు, దాని వెనుక స్టాండ్‌బై సిద్ధంగా ఉంటుంది. పేర్లు మారినా సూత్రం అదే.

తమ్ముళ్ళూ! కంప్యూటర్ కోర్సంటే మనకు రాదని భయపడకండి. తెలియకపోతే సీనియర్లను అడగండి. ఆ రోజు అన్న నా ఫోన్ ఎత్తాడు. మీరు చేస్తే నేనూ ఎత్తుతాను.