గన్ను విప్పాలి, చెయ్యి బిగించాలి

అరవై కిలోల మనిషి అడుగు పొడవున్న ఎల్ పానా చివర ఎక్కి నిలబడితే నట్టు మీద పడే టార్క్ దాదాపు 180 న్యూటన్ మీటర్లు. చిన్న కార్ల చక్రాల నట్లకు కంపెనీలు చెప్పే బిగింపు సాధారణంగా 85 నుంచి 110 దాకా ఉంటుంది. ఈ లెక్కన నట్టు ఎవరికైనా ఊడి రావాలి. మరి గన్నవరం దాటాక హైవే పక్కన స్టెప్నీ మార్చబోయి, ఇద్దరు మగాళ్లు వంతులేసుకుని పానా తొక్కుతున్నా కదలని నట్ల సంగతేమిటి?

కారణం టైరు షాపులోనే మొదలవుతుంది. కంప్రెసర్ గాలితో తిరిగే గన్ను ట్రిగ్గరు మీంచి కుర్రాడి వేలు రెండు సెకన్లు ఆలస్యంగా లేచిందంటే చాలు, బిగింపు రెండు మూడు వందలు దాటేస్తుంది. ఆ షాపులో మళ్లీ అదే గన్ను విప్పుతుంది కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదు. డిక్కీలో కంపెనీ ఇచ్చిన చిన్న పానా తప్ప మరేమీ లేని మనకే ఇబ్బంది.

దీనికి తోడు కృష్ణా డెల్టాలో నీళ్లు ఒక పట్టాన వదలవు. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను, పాయకాపురాన్ని, వాంబే కాలనీని ముంచెత్తినప్పుడు కార్లు రోజుల తరబడి బురదనీళ్లలోనే ఉండిపోయాయి. ఇంజన్లు కడిగించారు, సీట్లు ఆరబెట్టారు. చక్రాల స్టడ్ల మీద పట్టిన తుప్పును పట్టించుకున్నవాళ్లు తక్కువ. దివిసీమ వైపు వెళ్తే ఉప్పుగాలి, ఉప్పునీటి రొయ్యల చెరువులు. నాగాయలంక, కోడూరు చుట్టుపక్కల తిరిగే కారు కింద తొంగి చూస్తే చాలు, ఆ ఇనుము రంగే వేరుగా ఉంటుంది.

అందుకే బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ రెంచ్, మన మెకానిక్కుల మాటలో బ్యాటరీ గన్ను, ఇప్పుడు సొంత కారున్న మామూలు ఇళ్లలోకీ వస్తోంది. లారీలకూ బస్సులకూ బాడీలు కట్టే విజయవాడ జవహర్ ఆటోనగర్ పక్కనే ఉండగా ఇంట్లో ఈ పనులెందుకు అనేవాళ్లున్నారు. ఇంజను విప్పాలంటే అక్కడికే వెళ్లాలి, సందేహం లేదు. కానీ ముందు టైర్లు వెనక్కి మార్చుకోవడం, బ్రేక్ ప్యాడ్లు ఎంత అరిగాయో చూసుకోవడం, పంక్చరైన చక్రం విప్పడం వంటి వాటికి అవనిగడ్డ నుంచి యాభై అరవై కిలోమీటర్లు ఎవరొస్తారు? ఒంట్లో అంత బలం లేనివాళ్లకు, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు, రాత్రిపూట ఒంటరిగా కారు నడిపే ఆడవాళ్లకు ఈ పరికరం ఇచ్చే ధైర్యాన్ని నేను చాలా పెద్ద విషయంగా భావిస్తాను.

లోపల జరిగేది తెలిస్తే ఎంపిక సులువవుతుంది. గన్నులో మోటారు నేరుగా నట్టును తిప్పదు. మధ్యలో స్ప్రింగు ముందు ఒక బరువైన ఉక్కు సుత్తి ఉంటుంది. నట్టు మొరాయించగానే సుత్తి వెనక్కి జారి, స్ప్రింగు తోపుతో ముందుకొచ్చి, తిరిగే దిశలోనే ఠంగున కొడుతుంది. ఇలా నిమిషానికి రెండు మూడు వేల దెబ్బలు పడతాయి. నేలలో ఇరుక్కున్న గునపం గుంజితే రాదు, పక్కనుంచి నాలుగు దెబ్బలు వేస్తే పట్టు వదులుతుంది. ఇక్కడా అంతే. దెబ్బకు తుప్పు పొర విరుగుతుంది, మన చేతికి మాత్రం మెలి తగలదు.

ఇక పెట్టె మీద కొట్టొచ్చినట్టు కనిపించే అంకెల దగ్గరకొద్దాం. టార్క్‌కు రెండు లెక్కలుంటాయి, ఒకటి బిగించేటప్పుడు, ఇంకొకటి బిగిసిపోయిన నట్టును విప్పేటప్పుడు. రెండోదే పెద్దది, ప్రకటనలో కనిపించేదీ అదే. మకీటా డీటీడబ్ల్యూ 300ను చూడండి, బిగించడానికి 330, విప్పడానికి 580. డివాల్ట్ డీసీఎఫ్ 922కు ఇవి 406, 610. ఇంటి కారుకు ఈ తరగతి చాలు. వెయ్యి దాటిన గన్నులు లారీల కోసం చేసినవి. బ్యాటరీతో కలిపి మూడు కిలోలు దాటే ఆ బరువును వంగి కూర్చుని పట్టుకోవడం కష్టం, చిన్న స్టడ్‌ను పుటుక్కున తెంపేయడం తేలిక. మరీ చిన్న పన్నెండు వోల్టుల గన్నులు ఇంజను గదిలో బోల్టులకు పనికొస్తాయి గానీ, టైరు షాపు బిగింపు ముందు చేతులెత్తేస్తాయి. సాకెట్ తగిలించే చదరపు ముక్క అరంగుళం ఉన్నదే తీసుకోండి. మోటారు బ్రష్‌లెస్ అయితే మంచిది. నట్టు వదులవగానే దానంతటదే ఆగే ఏర్పాటుంటే ఇంకా మంచిది, నట్టు ఎగిరి ఇసుకలో పడదు.

మోసం ఎక్కువగా వోల్టుల దగ్గరే జరుగుతోంది. లిథియం బ్యాటరీ ప్యాకులో ఐదు సెల్స్ వరసగా కలిపితే మామూలు లెక్కన 18 వోల్టులు, నిండా చార్జయ్యాక దాదాపు 21. అందుచేత 18 అని రాసినా, 20 అని రాసినా, 21 అని రాసినా సరుకు ఒకటే. కానీ అవే ఐదు సెల్స్ పెట్టి, పైన 48 అనో 88 అనో 128 అనో అంటించి అమ్ముతున్నారు. బ్యాటరీ తిరగేసి అడుగున సన్న అక్షరాల్లో ఉన్న వాట్ అవర్స్ చదవండి. 18 వోల్టులు, 4 యాంపియర్ అవర్లు అయితే 72 ఉండాలి. ఆ అంకె లేని బ్యాటరీని ఎంత చవకైనా ఇంటికి తేవద్దని నా గట్టి మాట. ఇంట్లో ఇప్పటికే డ్రిల్లు ఉంటే అదే కంపెనీ, అదే బ్యాటరీ పట్టే గన్ను కొనడం లాభం. విజయవాడలోనే ఆ కంపెనీ సర్వీసు ఉందో లేదో ముందే కనుక్కోండి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మన వేసవిలో ఎండలో నిలిపిన కారు డిక్కీలో లిథియం బ్యాటరీ పడేసి ఉంచకూడదు. ఈ బ్యాటరీలు చార్జింగుకు సాధారణంగా 45 డిగ్రీల దాకానే తట్టుకుంటాయి, మే నెలలో బెజవాడ నీడలోనే ఆ దరిదాపులకు వెళ్తుంది. మంచి చార్జరు వేడి బ్యాటరీని పెడితే చల్లారేదాకా ఆగుతుంది. చవక చార్జరు ఆగకపోవచ్చు.

గన్నుతో పాటు నల్లటి ఇంపాక్ట్ సాకెట్లు కొనాలి, ఇందులో రాజీ లేదు. మెరిసే క్రోమ్ సాకెట్లు చేతి పానాకు చేసినవి. ఈ దెబ్బలకు పగిలి ముక్కలు కళ్లల్లోకి ఎగరొచ్చు. చాలా కార్లకు 19 లేదా 21 సైజు సరిపోతుంది, మీ కారుది కొలిచి చూసుకోండి. అల్లాయ్ చక్రాలైతే ప్లాస్టిక్ తొడుగున్న పల్చటి సాకెట్ తీసుకోండి. దొంగల భయంతో వేసే లాక్ నట్ల మీద మాత్రం గన్ను పెట్టొద్దు, వాటి తాళం సాకెట్ విరిగితే చక్రం అక్కడే ఉండిపోతుంది.

ఇప్పుడు పని. హ్యాండ్ బ్రేక్ లాగి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. తుప్పు పట్టిన స్టడ్ కొనలను వైరు బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి పావుగంట ఆగండి. చక్రం నేల మీద ఉండగానే ఒక్కో నట్టుకు గన్నుతో చిన్న దెబ్బ వేసి వదులు చేయండి. మన నల్లరేగడి వాకిట్లో జాకీ నేరుగా పెడితే దిగబడిపోతుంది. కింద మందపాటి చెక్క వేసి ఎత్తాలి, ఎత్తాక కారు కింద స్టాండు పెట్టాలి. జాకీని నమ్మి కారు కిందకు చెయ్యి పెట్టడం ప్రాణాలతో చెలగాటం. నట్లు వచ్చినా ఒక్కోసారి చక్రం హబ్‌కు తుప్పుతో అతుక్కుని రాదు. అప్పుడు గన్ను పనికిరాదు. ఒక నట్టు నాలుగు చుట్లు తిప్పి ఉంచి, టైరును రబ్బరు సుత్తితో అటూ ఇటూ కొట్టాలి, ఊడినా కాలి మీద పడదు. చెవుల్లో దూది కాదు, ఇయర్ ప్లగ్గులు పెట్టుకోండి. సెల్లార్‌లో ఆ చప్పుడు మరీ మోగుతుంది.

బిగించేటప్పుడు గన్ను పక్కన పెట్టేయమంటాను. టైరు షాపు చేసిన తప్పే మనం ఇంట్లో చేస్తే గన్ను కొన్నందుకు ఫలితమేముంది? అతిగా బిగిస్తే స్టడ్ సాగుతుంది, బ్రేక్ డిస్క్ వంకరపోతుంది, బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకుతుంది. నట్టును మొదట వేళ్లతోనే ఎక్కించాలి, అడ్డంగా పట్టిన థ్రెడ్ వేలికి తెలుస్తుంది, గన్నుకు తెలియదు. తర్వాత ఎదురెదురుగా ఒకదాని తర్వాత ఒకటి పానాతో బిగించి, కారు కిందకు దించి, మాన్యువల్‌లో ఉన్న అంకెకు టార్క్ రెంచ్ పెట్టి తిప్పాలి. టక్కుమనగానే ఆపేయాలి. వంద కిలోమీటర్లలోపు మరోసారి చూసుకోవాలి. డబ్బు సరిపోదనుకుంటే ముందు టార్క్ రెంచ్, జాకీ స్టాండు కొనండి, గన్ను వచ్చే నెల కొనొచ్చు.

ట్రాక్టరున్న ఇంట లెక్క కొంచెం మారుతుంది. కాలువకు నీళ్లొదిలి దమ్ము మొదలవగానే వెనక టైర్లు విప్పి దమ్ము చక్రాలు ఎక్కిస్తారు, నాట్లయ్యాక మళ్లీ టైర్లు. ఆ నట్లు కారు నట్ల కంటే పెద్దవి, బురద పట్టి ఉంటాయి, ఏటా రెండుసార్లైనా విప్పక తప్పదు. ఇలాంటి ఇంటికి విప్పే టార్క్ 600 దాటినదే తీసుకోవాలి, రెండో బ్యాటరీ కూడా ఉండాలి. కారు డిక్కీకని చిన్నది, చేలోకని పెద్దది అంటూ రెండు కొనక్కర్లేదు.

కొనే రోజు మీ కారులోనే ఆటోనగర్ వెళ్లండి. నచ్చిన గన్నుతో, కొనబోయే సాకెట్‌తో, షాపు ముందే మీ కారు నట్టు ఒకటి విప్పి చూపించమని అడగండి. చూపించనంటే పక్క షాపుకు వెళ్లండి.